అరకు లోయ చెట్టూ చేమా: ఎవరికి ఏది తెలిస్తే అది రాయండి

గోస్తనీతీరం:
అందరికీ నమస్కారం. అనంతగిరి దాటాక రోడ్డు వదిలి కొండెక్కితే వచ్చే ఒక గూడెంలో బడిపంతులుగా పనిచేస్తున్నాను. మా పిల్లలు బడికి వచ్చే దారిలో కనిపించే ప్రతి మొక్కకూ పేరు చెబుతారు. ఏది తినవచ్చో, ఏ ఆకు పశువులు ముట్టవో, ఏ తీగ తాడుగా పనికొస్తుందో చెబుతారు. పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ తెలుసు. కానీ సంతకు ప్లాస్టిక్ తాడు వచ్చాక తీగతో తాడు పేనడం చూడని పిల్లలు కూడా తయారవుతున్నారు. అందుకే పిల్లల చేతే ఒక పుస్తకం రాయిస్తున్నాం. మొక్క, దొరికే చోటు, కోసే కాలం, వాడే పద్ధతి, ఇంత వరకే. ఈ లోయ గురించి, చుట్టుపక్కల మన్యం గురించి మీకు స్వయంగా తెలిసినవి ఇక్కడ రాయమని కోరుతున్నాను. విన్నవి వద్దు, చూసినవీ చేసినవీ కావాలి.

మొదట అడ్డాకుతో మొదలుపెడతాను. ఇక్కడి అడవిలో చెట్లను చుట్టుకుని పైదాకా పాకే పెద్ద తీగ ఇది. రెండు రెక్కలుగా చీలిన వెడల్పాటి ఆకు. ఆకులు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువు పెట్టి నీడన ఆరబెడతారు. తరువాత సన్నగా చీల్చిన వెదురు పుల్లలతో కుడితే విస్తరి. వెదురు అల్లికలో ఇవే ఆకులు పొదిగితే గిడుగు. వానలో నాట్లు వేసే ఆడవాళ్ల నెత్తిన, వీపున ఉండేది అదే. బెరడు నార తీసి తాళ్లు పేనుతారు.

చాపరాయి:
మాస్టారూ, మంచి పని తలపెట్టారు. మాది డుంబ్రిగూడ వైపు. అడ్డాకు గురించి రాసి అడ్డపిక్కలు వదిలేశారు. కాయ జానెడు పైగా ఉంటుంది, చెక్కలా గట్టిగా. ఎండాకాలంలో చెట్టు మీదే ఎండితే పటపటా పేలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. అందుకే పేలకముందే కోసుకొస్తాం. నిప్పుల మీద కాలిస్తే కాయ నోరు తెరుస్తుంది. లోపలి గింజ తీసి మళ్లీ కాల్చి పొట్టు ఒలిచి తింటాం. మా ఇంట్లో పిల్లలకు వేరుశనగ కన్నా ఇదే ఇష్టం. అయితే కాయలన్నీ కోయం. పైన అందనివి అందనట్టే వదిలేస్తాం. లేకపోతే కొత్త తీగ ఎక్కడి నుంచి వస్తుంది?

భాగ్యనగరి:
చాలా ఆసక్తిగా ఉంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. మా నాన్నగారికి రక్తపోటు, చక్కెర వ్యాధి రెండూ ఉన్నాయి. అరకు అడవుల్లో వీటికి మంచి మూలికలు ఉంటాయని అంటారు. సర్పగంధ గురించి విన్నాను. ఎవరైనా పంపగలరా? ఖర్చు నేను భరిస్తాను.

ఆకుపసరు:
భాగ్యనగరి గారూ, నేను విజయనగరంలో వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీ ఆందోళన అర్థమైంది, అందుకే సూటిగా చెబుతున్నాను. దయచేసి ఆ పని చేయకండి. సర్పగంధ వేరులో ఉన్న రెసర్పిన్ అనే పదార్థాన్ని 1952లో విడదీశారు. అది నిజంగానే రక్తపోటును తగ్గిస్తుంది. కానీ ఒక్కో వేరులో అది ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. మీ నాన్నగారు ఇప్పటికే మాత్రలు వేసుకుంటూ ఉంటే రెండూ కలిసి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మనసు తీవ్రంగా కుంగిపోవడం కూడా దాని దుష్ఫలితాల్లో ఒకటి. వైద్యుడు చూడకుండా ముట్టుకోవలసిన వేరు కాదు.

రెండో మాట. సర్పగంధను వేరు కోసం తవ్వుతారు కాబట్టి తవ్విన ప్రతిసారీ ఒక మొక్క పోతుంది. అడవిలో అది బాగా తగ్గిపోయింది. విదేశీ వ్యాపారానికి అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణ కూడా ఉంది. ఆకు కోసుకునే మొక్కకూ, వేరు తవ్వే మొక్కకూ చాలా తేడా ఉంది. గోస్తనీతీరం గారు తమ పుస్తకంలో ప్రతి మొక్క పక్కనా ఏ భాగం తీస్తారో, తీశాక మొక్క బతుకుతుందో లేదో రాయించాలని నా మనవి.

నిర్వాహకులు:
మూలికలు కొనడం, అమ్మడం, పంపడం గురించిన అభ్యర్థనలు ఈ చర్చలో వద్దు. మిగతాది కొనసాగించండి.

భాగ్యనగరి:
అర్థమైంది. ధన్యవాదాలు మాస్టారూ. డాక్టరుగారినే అడుగుతాను. చర్చ చదువుతూ ఉంటాను.

జీలుగుగెల:
నమస్తే. నేను కొండదొరల అమ్మాయిని, విశాఖలో నర్సింగ్ చదువుతున్నాను. అడవి అనగానే అందరూ మందులే అడుగుతారు. మా ఇంట్లో అడవి అంటే ముందు తిండి. ఆషాఢ శ్రావణాల్లో పాత ధాన్యం అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్లో మా అమ్మమ్మ కాలంలో ఏం తినేవారో రాస్తాను.

ఒకటి, మామిడి టెంకలు. పండు తిన్నాక టెంకలు పారేసేవారు కాదు. ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి తీసి, దంచి పిండి చేసేవారు. ఆ పిండి అలాగే వండితే నోట్లో పెట్టలేం, అంత వగరు. అందుకని వెదురు బుట్టలో ఆకులు పరిచి పిండి పోసి, గెడ్డలో నీళ్లు సన్నగా పారే చోట పెట్టేవారు. రాత్రంతా నీళ్లు దాని మీదుగా పారితే వగరు పోతుంది. పొద్దున తీసి అంబలి కాచేవారు. నీళ్లు మరీ జోరుగా పారితే పిండి కొట్టుకుపోతుంది, నిలవ ఉన్న నీళ్లయితే వగరు పోదు. ఆ చోటు చూసుకోవడమే పెద్ద పని. అమ్మమ్మ చెయ్యి నీళ్లలో పెట్టి చూసి బుట్ట ఎక్కడ పెట్టాలో చెప్పేది.

నర్సింగ్ చదువుతున్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. జీడి సరిగ్గా ఎండకపోతే బూజు పడుతుంది. 2001లో మన పక్కనే, ఒడిశాలోని కాశీపూర్‌లో మామిడి జీడి అంబలి తాగిన తరువాత జనం చనిపోయారు. బూజు పట్టిన జీడే కారణమన్నారు. ఆకలే అసలు కారణమని కూడా అన్నారు, ఆ మాట నిజమే. ఇంట్లో బియ్యం ఉంటే బూజు పట్టిన జీడి ఎవరు వండుకుంటారు? ఇప్పుడు రేషన్ బియ్యం వస్తున్నాయి, టెంక అంబలి తగ్గింది. తగ్గినందుకు నాకు బాధ లేదు. కానీ చేసే పద్ధతి మాత్రం మీ పుస్తకంలో ఉండాలి.

కోరాపుట్‌తెలుగు:
జీలుగుగెల చెల్లెమ్మా, ఎంత వివరంగా రాశావు! మా తాతల కాలం నుంచీ జయపురంలో ఉంటున్న తెలుగువాళ్లం మేము. కొండకు ఇవతల ఒడిశా, అవతల ఆంధ్ర, అడవి మాత్రం ఒకటే. కొన్ని అడవి దుంపలకు కూడా ఇటువైపు అదే పద్ధతి. ముక్కలు పలచగా తరిగి ఉడికించి, పారే నీళ్లలో ఉంచితే తప్ప తినకూడదు. పచ్చిగా తింటే గొంతు మంట, వాంతులు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు.

మా వైపు గదబ తెగ స్త్రీలు కెరంగ అనే మొక్క నారతో చీరలు నేసుకునేవారు. నార తీయడం, వడకడం, చిన్న మగ్గం మీద నేయడం అన్నీ ఆడవాళ్లే. అడ్డ చారలు, మందంగా, ఏళ్ల తరబడి మన్నే గుడ్డ. ఇప్పుడు నేసేవాళ్లు చాలా తగ్గారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ గుర్తింపు ఇచ్చింది. అలాంటి గుర్తింపు నారకూ రావాలని నా కోరిక.

చాపరాయి:
జీలుగుగెల అని పేరు పెట్టుకుని జీలుగు గురించి రాయలేదేమమ్మా?

జీలుగుగెల:
రాస్తాను అన్నా, మీరు అడగాలనే ఆగాను. జీలుగు తాటి జాతి చెట్టు. బయటివాళ్లకు జీలుగు అంటే కల్లు. పొడవాటి వెదురు గడ కణుపుల దగ్గర కొమ్మల మోళ్లు ఉంచి చెట్టుకు కట్టి, దాని మీద పాదం పెట్టి ఎక్కుతారు. గెల చివర రోజూ కొంచెం కోస్తూ కుండ కడతారు. జీలుగు చెట్టుకు మొదటి గెల పైన వేస్తుంది, తరువాతిది దాని కింద, అలా కిందికి దిగుతూ వస్తుంది. అన్నిటికంటే కింది గెల అయిపోతే చెట్టు కూడా అయిపోయినట్టే. గెల ఎంత కిందికి దిగిందో చూసి ఆ చెట్టుకు ఇంకా ఎన్నాళ్లుందో మా నాన్న చెప్పేవారు.

కల్లు కన్నా ముఖ్యం దాని మాను లోపలి మెత్తని భాగం. చెట్టు పడగొట్టి, మాను చీల్చి, లోపలిది చెక్కి, దంచి, నీళ్లలో పిసికి వడకట్టి వదిలేస్తే పిండి అడుగున పేరుతుంది. ఆరబెట్టి దాచుకుంటారు. జావ కాస్తారు, రొట్టె కాలుస్తారు. కానీ అన్ని చెట్లలో పిండి ఉండదు. గొడ్డలితో మానులో చిన్న గాటు పెట్టి చూస్తారు. పిండి లేదనిపిస్తే ఆ చెట్టు జోలికి వెళ్లరు. పండు గుజ్జు మాత్రం ఒంటికి తగిలినా దురదే, పిల్లలను దూరంగా ఉంచాలి.

రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో జీలుగు మీద పనిచేస్తున్నారు. నీరా తీయడం, బెల్లం చేయడం లాంటివి. మా ఊళ్లలోనూ మొక్కలు నాటించాలి. ఇప్పుడున్నవన్నీ పక్షులూ జంతువులూ పండ్లు తిని గింజలు పడేస్తే మొలిచినవే.

గోస్తనీతీరం:
జీలుగుగెలా, నువ్వు రాసింది రేపే పిల్లలకు చదివి వినిపిస్తాను. మామిడి జీడి గురించి మా గూడెంలో అడిగితే ఒక ముసలమ్మ సరిగ్గా ఇదే చెప్పింది, బుట్ట అడుగున ఏ ఆకు పరవాలో కూడా. కొత్త కాయలు తినడం మొదలుపెట్టే ‘కొత్త’ పండుగల గురించి కూడా అడిగాను. మామిడి కొత్త జరగకముందు ఎవరూ కాయ కోయకూడదు, చిక్కుడు కొత్త కాకముందు చిక్కుడు తినకూడదు. ఊరంతా ఒక రోజు అనుకుని, పూజ చేసి, అప్పుడే మొదలుపెడతారు. కాయ ముదిరేదాకా చెట్టు మీద ఉంటుంది, గింజ కూడా ముదురుతుంది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే ఉద్యోగులను చూశాను, అందుకే పట్టుబట్టి రాస్తున్నాను. ఇంతకన్నా మంచి అటవీ నిబంధన నేను ఎక్కడా చూడలేదు.

మన్యంసంత:
నేను సంతల్లో చిన్న వ్యాపారిని. సంత పక్షాన కూడా ఒక మాట రాయాలనిపించింది. పాడేరు, హుకుంపేట, అరకు సంతలకు వచ్చేవి: కొండ చీపుర్లు, చింతపండు, కరక్కాయ, ఉసిరి, శీకాయ, కుంకుడు, నల్లజీడి, పిప్పళ్లు, పిప్పలి మోడి (పిప్పలి వేరు), పసుపు, అల్లం, రాజ్మా, మిరియాలు. ఎండాకాలం మొదట్లో చింతపండు, పండుగ దాటాక చీపుర్లు. పిప్పలి మోడికి ఎప్పుడూ గిరాకీయే. బాలింతలకు పెట్టే కాయంలో మోడి లేకుండా ఎవరూ చేయరు కదా. ధర పడిపోయినప్పుడు నష్టపోయేది ముందు గిరిజనుడే, కాదనను. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. అది సరైన సమయానికి సంతకు వచ్చి కొన్న ఏడాది బయటి వ్యాపారి కూడా ధర పెంచక తప్పదు. రాని ఏడాది సంగతి చెప్పనవసరం లేదు.

ఆకుపసరు:
మన్యంసంత గారు జాబితాలో నరమామిడి బెరడు రాయలేదు. అది కూడా వస్తుంది కదా? అగరుబత్తి పొడి పుల్లకు అంటుకోవడానికి దాని జిగురే ఆధారం. విరిగిన ఎముకకు కట్టు కట్టేవాళ్లు కూడా వాడతారు. ఈ చెట్టు విషయంలోనే నాకు దిగులు. చెట్టు పీకడం లేదు, బెరడే కదా తీస్తున్నాం అనుకుంటారు. కానీ ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. చుట్టూ వలయంలా ఒలిచేస్తే వేళ్లకు తిండి అందక, కొంతకాలానికి చెట్టు నిలబడే చచ్చిపోతుంది. ఒక పక్కన నిలువుగా, సన్నని పట్టీగా తీసి, మిగతాది వదిలి, ఆ గాయం మానేదాకా మళ్లీ ముట్టకపోతే చెట్టు బతుకుతుంది. లేదా కొమ్మలు నరికి వాటి బెరడు తీసుకోవాలి. అప్పుడు మోడు మళ్లీ చిగురిస్తుంది.

మన్యంసంత:
వస్తుంది మాస్టారూ. ఇదివరకు చేతి వెడల్పు ముక్కలు వచ్చేవి, ఇప్పుడు చేతి వేళ్లంత సన్నవి వస్తున్నాయి. లేత చెట్లను కూడా ఒలుస్తున్నారని దాన్ని బట్టే తెలుస్తోంది. సన్న బెరడు నేను కొనడం మానేశాను. పక్కవాడు కొంటున్నాడు.

చాపరాయి:
పక్కవాడు కొంటే లాభమేమిటి మన్యంసంత గారూ, అందరూ కలిసి మానాలి. మా ఊళ్లో గ్రామసభ పెట్టి మాట్లాడుకున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది, వాటిని కాపాడుకునే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. హక్కు గురించి అందరం మాట్లాడతాం, రెండోది ఎవరూ పట్టించుకోరు. నరమామిడి చుట్టూ ఒలిచినవాడికి మా గూడెంలో ఇప్పుడు తప్పు (జరిమానా) కట్టాలి.

ఇక నా సొంత పంట గురించి. నాకు కాఫీ తోట ఉంది. కాఫీని మా మన్యానికి తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో 19వ శతాబ్దం చివర తెచ్చారంటారు. మా తాతలు పోడు కొట్టిన వాలులోనే మా నాన్న కాఫీ పెట్టాడు. నీడకు సిల్వర్ ఓక్. దాని మీద మిరియం పాకించాం. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోడి అయిపోయిన కొండ ఇవాళ పచ్చగా ఉందంటే కాఫీ వల్లే. ఇది కూడా మీ పుస్తకంలో రాయండి మాస్టారూ, అడవి మొక్కలే మొక్కలు కావు.

ఆకుపసరు:
చాపరాయి గారూ, కాఫీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. సిల్వర్ ఓక్ విషయంలో కాదు. అది ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా, త్వరగా పెరుగుతుంది, మిరియానికి బాగుంటుంది, కలపగా డబ్బు వస్తుంది, అన్నీ నిజమే. కానీ కొండ అంతా అదొక్కటే అయితే మీ పిల్లలకు అడ్డపిక్కలు, పనసకాయలు ఎక్కడ దొరుకుతాయి? కాఫీకి నీడ కావాలి, ఆ నీడ పనస ఇవ్వదా? మామిడి ఇవ్వదా? కింది వరుసలో బాడిద చెట్టు కొమ్మలు నాటితే నేలకు నత్రజని కూడా అందుతుంది.

ఇంకొక విషయం. మిరియం ఈ కొండలకు కొత్త కాదు. 1780లలో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఆ ఊరికి ఉత్తరాన ఉన్న కొండల్లో అడవి మిరియపు తీగలు చూసి, సామర్లకోటలో మిరియపు తోట వేయించాడు. అంటే మిరియం బంధువులు సిల్వర్ ఓక్ రాకముందే ఇక్కడి సొంత చెట్ల మీద పాకుతున్నాయి.

చాపరాయి:
మాస్టారూ, పనస నీడ మంచిదే. కానీ పనస కింద కాఫీ పెట్టడానికి పనస ముందు పెరగాలి కదా? బోడి కొండ మీద అయిదేళ్లలో నీడ ఇచ్చింది సిల్వర్ ఓక్. ఇప్పుడు ఆ నీడ ఉంది కాబట్టి దాని కింద పనస, కరక్కాయ, జీలుగు నాటవచ్చు. అవి ఎదిగాక సిల్వర్ ఓక్ కొన్ని తీసేయవచ్చు. నేను ఆ పని మొదలుపెట్టాను. పాత తోటల్లో నీడ ఎంత ఉండాలన్నది కూడా ఇప్పుడు చూసుకోవాలి. 2025లో కాఫీ కాయతొలుచు పురుగు అరకు తోటల్లో మొదటిసారి కనిపించింది. కాయ ఒక్కటి కూడా చెట్టు మీద, నేల మీద వదలకుండా ఏరాలంటున్నారు. మరీ చీకటి తోటలో రాలిన కాయ కనిపించదు.

ఆకుపసరు:
ఇది మంచి మార్గం. నీడ కింద నీడను పెంచడం. నా అభ్యంతరం వెనక్కి తీసుకోను, మీ తోట చూడటానికి మాత్రం తప్పక వస్తాను.

కోరాపుట్‌తెలుగు:
వలిసెలు ఎవరూ ఎత్తలేదు! నవంబరులో అరకు రోడ్డు పక్కన పసుపు పూల పొలాల్లో జనం ఫోటోలు దిగేది వాటిలోనే. ఆ పంట నూనె కోసం. వలిసె నూనెతో వండిన కూర రుచే వేరు. గానుగ పిండి పశువులకు. పూతకాలంలో తేనెటీగలకు అదే పెద్ద ఆధారం. ఫోటోల కోసం పొలం తొక్కితే రైతు గింజ పోతుంది, దయచేసి గట్టు మీదే నిలబడండి. ఈ పంటకు ఉన్న శత్రువు బంగారు తీగ. ఆకు లేకుండా పసుపు దారంలా వలిసె మొక్కను చుట్టి పీల్చేస్తుంది. దాని విత్తనం వలిసె విత్తనంలో కలిసి వస్తుంది. వలిసె గింజ కన్నా అది చిన్నది కాబట్టి సన్న జల్లెడ పట్టి విత్తితే చాలావరకు పోతుంది. ఒకసారి కనిపించిన పొలంలో మరుసటి ఏడు చోళ్లో (రాగులో) సామలో వేయడం మంచిది.

జీలుగుగెల:
మాస్టారూ, ఇంకొకటి చేర్చండి. చిల్లగింజ. కింది అడవుల్లో దొరుకుతుంది. వానాకాలం గెడ్డ నీళ్లు బురదగా వస్తే కుండ లోపలి గోడకు నీళ్లు తగిలేలా గింజను అరగదీస్తారు. కొద్దిసేపట్లో మట్టి అడుగుకు దిగి పైన తేట నీళ్లు ఉంటాయి. కానీ తేటగా ఉన్నాయని తాగేయకూడదు. మట్టి పోతుంది, క్రిములు మొత్తం పోవు. తేటపడ్డాక కాచి తాగాలని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయించండి. మా గూడేల్లో వానాకాలం విరేచనాలతో పిల్లలు ఎంత ఇబ్బంది పడతారో మీకు నేను చెప్పనవసరం లేదు.

గోస్తనీతీరం:
తప్పకుండా అమ్మా.

ఇంతవరకు వచ్చినవన్నీ పిల్లలు విభజించుకుని రాస్తున్నారు. ఆకుపసరు మాస్టారు చెప్పినట్టు ప్రతి పేజీలో ఒక గడి పెట్టాం: ‘తీసే భాగం ఏది, తీశాక మొక్క ఉంటుందా’. కొండ చీపురు దగ్గర పెద్ద వాదన జరిగింది. దుబ్బు పీకకుండా కంకులు మాత్రమే కోస్తే మళ్లీ వస్తుందని ఒక పిల్ల, చాలామంది పీకేస్తారని ఇంకొక పిల్లాడు. ఇద్దరూ కలిసి వెళ్లి చూసి వచ్చారు. వాలు మీద పీకిన చోట మట్టి జారి గాడులు పడ్డాయట, కోసిన చోట దుబ్బు గట్టిగా పట్టుకుని ఉందట. అదే రాశారు.

ఇప్పుడు రెండు అవసరాలు ఉన్నాయి. ఒకటి, లాంటానా అనే కలుపు పొద. బడి పక్క వాలంతా పాకి అడ్డతీగ మొలకలను కూడా కమ్మేసింది. దాన్ని వేళ్లతో సహా తీసేసిన అనుభవం ఉన్నవాళ్లు, ఏ నెలలో తీస్తే మళ్లీ రాకుండా ఉంటుందో చెప్పండి. రెండు, ఆ ఖాళీలో వేయడానికి నరమామిడి, కరక్కాయ, జీలుగు విత్తనాలు పిల్లలే పోగు చేస్తున్నారు. కరక్కాయ గింజ మాకు సరిగ్గా మొలవడం లేదు.

ఆకుపసరు:
కరక్కాయ గుజ్జు పూర్తిగా తీసేయండి. లోపలి పెంకు చాలా గట్టిది. పప్పుకు తగలకుండా వెడల్పు వైపు చివర కొంచెం చెక్కి, ఒకటిన్నర రోజు మామూలు నీళ్లలో నానబెట్టి, అప్పుడు పాతండి. రాలిన పండ్లనే ఏరాలి, చెట్టు మీది పచ్చికాయ వద్దు. పురుగు పట్టిన చిన్న రంధ్రం ఉన్నవి పక్కన పెట్టండి.

చాపరాయి:
లాంటానా వానలు బాగా పడి నేల మెత్తబడ్డాక తీస్తే వేరు మొదలు సులువుగా వస్తుంది. పూత, కాయ రాకముందే తీయాలి, కాయ పండితే పిట్టలు తిని ఊరంతా చల్లుతాయి. పీకిన దాన్ని తలకిందులుగా, వేళ్లు ఎండకు వచ్చేలా పేర్చండి, నేల మీద పడేస్తే మళ్లీ పట్టుకుంటుంది. వాలు కాబట్టి ఒక్కసారే అంతా తీయకండి, పట్టీలు పట్టీలుగా తీసి వెంటనే కొండ చీపురు దుబ్బులు నాటండి. దుబ్బులు నేను ఇస్తాను మాస్టారూ. శనివారం సంతకు వస్తున్నప్పుడు జీపులో వేసుకొస్తాను, రోడ్డు దగ్గరికి పిల్లలను పంపండి.